గడ్డికి ఫ్యాన్లు దేనికి?

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో జులై మధ్యాహ్నం కొన్ని గోల్ఫ్ కోర్సులకు వెళ్తే ఒక వింత కనిపిస్తుంది. గ్రీన్ (బంతిని గుంతలో వేసే చోట ఉండే నున్నటి గడ్డి) పక్కన స్తంభానికి బిగించిన పెద్ద ఫ్యాన్ గిర్రున తిరుగుతుంటుంది. ఆడేవాళ్ల కోసం కాదు, గడ్డి కోసం. ఒకతను గొట్టం పట్టుకుని, ఆకు మాత్రమే తడిసేలా సన్నటి తుంపర కొట్టి వెళ్తుంటాడు. మెషీన్ బ్లేడు కాస్త పైకి లేపుతారు. కొన్ని రోజులు కోతే మానేసి రోలర్‌తో సరిపెడతారు. ఐసీయూలో పేషెంటును చూసుకున్నట్టే! అందులో గొప్ప నైపుణ్యం ఉంది, కాదనను. అసలు ఆ పేషెంటును ఆ ఎండలోకి ఎవరు తీసుకొచ్చారన్నదే నా గొడవ.

దాని పేరు బెంట్‌గ్రాస్. చలిదేశపు గడ్డి. 15 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. 30 దాటి వేడి అలాగే కొనసాగితే అది తయారుచేసుకునే ఆహారం కన్నా ఊపిరికి ఖర్చయ్యేదే ఎక్కువ. ముందు వేరు కుంచించుకుపోతుంది. పైగా గ్రీన్ మీద దాన్ని మూడు మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. అంటే వంట చేసే ఆకునే కత్తిరిస్తున్నాం. వాడిపోతోందని నీళ్లు గుమ్మరిస్తే మరీ ప్రమాదం. వేళ్లకు గాలి ఆడదు, తడి నేలలోని వేడి వదలదు, పితియం తెగులు ఒక్క రాత్రిలో పాకేస్తుంది. అందుకే కోర్సు గడ్డిని చూసుకునే, అనుభవమున్న సూపరింటెండెంట్‌కు మండే మధ్యాహ్నం కన్నా ఉక్కపోసే రాత్రి అంటేనే టెన్షన్.

ఇక బెర్ముడా గ్రాస్. పేరు విని ఎక్కడిదో అనుకోకండి, అది మన గరికే. గ్రీన్ల మీద వేసే పొట్టి రకాలు ఆ వంశంలో పుట్టిన సంకరాలు. 27 నుంచి 35 డిగ్రీలంటే దానికి పండగ. గరిక పట్టిన చేనును బాగుచేసిన రైతును అడగండి, దాన్ని చంపడం ఎంత కష్టమో చెబుతాడు. కణుపు ముక్క మిగిలినా మళ్లీ లేస్తుంది.

అట్లాంటా అథ్లెటిక్ క్లబ్ ఈ లెక్క ముందే అర్థం చేసుకుంది. 2011 ఆగస్టులో పీజీఏ ఛాంపియన్‌షిప్‌ను బెర్ముడా గ్రీన్ల మీదే ఆడించింది. ఇంకా గట్టి సాక్ష్యం నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2. 2010లో మొదలైన పునరుద్ధరణలో సుమారు 40 ఎకరాల గడ్డిని పీకేసి, ఆ చోట ఇసుకను, అక్కడి సహజమైన పొదలను తిరిగి రానిచ్చారు. 1,150 దాకా ఉన్న స్ప్రింక్లర్లు 450కి తగ్గాయి. ఫెయిర్‌వే, అంటే గ్రీన్ దాకా సాగే గడ్డి బాట, నడుమ స్ప్రింక్లర్లు ఒకే వరుస. దాని దగ్గర పచ్చగా, అంచులకు పోయేకొద్దీ గోధుమ రంగుగా ఉంటుంది. 2014లో యూఎస్ ఓపెన్ అక్కడే జరిగినప్పుడు టీవీలో చూసి చాలామంది ముఖం చిట్లించారు. ఆట మాత్రం ఏమీ చెడలేదు. ఆ పోటీలు అయ్యాక గ్రీన్లలోని బెంట్‌ను కూడా తీసేసి బెర్ముడా వేశారు. 2024లో యూఎస్ ఓపెన్ మళ్లీ అక్కడికే వచ్చింది.

బెంట్ మీద బంతి దొర్లే తీరే వేరు, బెర్ముడా ఆకు ఒకవైపుకు వాలి బంతి దారి మారుస్తుంది, చలికి రంగు మారుతుంది అంటారు. నిజమే. లక్షలు కట్టిన మెంబర్లు గోధుమ రంగును ఒప్పుకోరని కూడా అంటారు. అది గడ్డి లోపం కాదు, కంటికి పట్టిన అలవాటు.

ఆ అలవాటు చేసింది జార్జియా రాష్ట్రంలోని అగస్టా గోల్ఫ్ క్లబ్. ఏటా ఏప్రిల్‌లో అక్కడ జరిగే మాస్టర్స్ టోర్నీ చూసి, మా కోర్సు కూడా అలాగే ఉండాలని ప్రతి క్లబ్బూ పంతం పడుతుంది. ఆ అగస్టా మే చివర్లో తాళం వేసి అక్టోబరు దాకా తెరవదని ఎవరికీ గుర్తుండదు. వేసవిలో ఆటే లేని చోటును చూసి వేసవి గడ్డి ఎలా ఉండాలో నిర్ణయిస్తున్నాం! మరోవైపు 2006లో ఇంగ్లండ్‌లోని హోయ్‌లేక్‌లో బ్రిటిష్ ఓపెన్ ఎండి గోధుమ రంగుకు తిరిగిన నేల మీద జరిగింది. బంతి ఎక్కడ పడి ఎంత దొర్లుతుందో లెక్కగట్టుకుంటూ, వారం మొత్తంలో డ్రైవర్‌ను (బంతిని బాగా దూరం కొట్టే గోల్ఫ్ కర్ర) ఒక్కసారే వాడి టైగర్ వుడ్స్ గెలిచాడు. తడి నేల మీద ఎంత దూరం కొట్టగలవన్నదే పరీక్ష. ఎండిన నేల అయితే బుర్రకూ పని చెబుతుంది.

గోల్ఫ్ మనకెందుకంటారా? పచ్చగా ఉంటేనే బాగున్నట్టు అనుకునే జబ్బు గోల్ఫ్ క్లబ్బుల గేటు దగ్గర ఆగిపోలేదు. హైదరాబాద్ శివార్లలో ఏ గేటెడ్ కమ్యూనిటీ బ్రోచర్ అయినా తెరవండి, మొదటి పేజీలో లాన్ ఉంటుంది. మే నెలలో బోర్లు ఎండిపోతాయి. స్నానాలకు ట్యాంకర్ తెప్పిస్తారు, అదే ట్యాంకర్ నుంచి లాన్‌కూ పైపు వేస్తారు. కడియం నర్సరీల నుంచి చుట్టలుగా వచ్చే గడ్డికి పేర్లు కూడా మెక్సికన్, కొరియన్.

మా అపార్ట్‌మెంట్‌లోనూ అదే పరిచారు. మొన్న ఏప్రిల్ మీటింగ్‌లో లాన్‌కు రోజు విడిచి రోజు నీళ్లు పెడదామని నేనంటే, ఫ్లాట్ల రేటు పడిపోతుందని ఒకాయన లేచారు. ఓటింగ్‌లో ఓడిపోయాను. కిందికి దిగేసరికి గోడవారగా మాలి కూర్చుని ఉన్నాడు. ఎవరూ నీళ్లు పోయని చోట దానంతట అది పచ్చగా పాకిన గరికను, కలుపని, వేళ్లతో సహా పీకుతున్నాడు.