గింజను ఫ్రీజర్‌లో దాస్తే వరి ఎదగదు

ఒడిశాలోని జయపురం, కొరాపుట్ దేశవాళీ వరి కనుమరుగవుతోందని ఎవరైనా అంటే ఠక్కున వచ్చే జవాబు ఒకటే: నమూనాలు విత్తన బ్యాంకులో భద్రంగా ఉన్నాయి. నిజమే. 1950ల నాటి జయపురం సర్వేలోనే 1,700కు పైగా రకాలు సేకరించారు. ఆ పని జరగకపోతే చాలా రకాలు ఆనవాలు లేకుండా పోయేవి. కానీ మైనస్ 18 డిగ్రీల దగ్గర గింజ ఏళ్ల తరబడి చావదు, మారదు కూడా. అగ్గితెగులు శిలీంధ్రం మాత్రం మారుతూనే ఉంటుంది. ఆనాడు సేకరించిన గింజకు ఆనాటి తెగులే తెలుసు.

మారాలంటే మడిలో ఉండాలి. వరిలో పరపరాగ సంపర్కం, అంటే వేరే మొక్క పుప్పొడితో గింజ కట్టడం, సాధారణంగా ఒక శాతం లోపే. అందుకే దేశవాళీ మడిలో ఎన్నో వంశాలు పక్కపక్కనే విడివిడిగా సాగుతాయి. గుంటల్లో మొలిచే నివ్వరి (అడవి వరి) పుప్పొడి అప్పుడప్పుడు వచ్చి కొత్త కలయికలు పుట్టిస్తుంది. వాటిలో ఏది మిగలాలో కరువు, ముంపు, పురుగు తేలుస్తాయి. ముంపును తట్టుకునే సబ్1 జన్యువు ఇలా ఒడిశా రైతుల మడుల్లో నిలిచిందే. దాలపుట్టియా అనే స్థానిక రకం నుంచి దాన్ని తీసి, మన మారుటేరు స్వర్ణలో చేర్చి 2009లో విడుదల చేశారు. ఆ స్వర్ణ రెండు వారాల ముంపునూ ఓర్చుకుంటుంది.

కొలాబ్ ఆయకట్టులోని తెలుగు రైతులూ ఓ మూల ఐదు సెంట్లు దేశవాళీ వరికి వదలాలి. గట్టు పక్క రెండు వరుసలు విడిచి, మడి అంతటా తిరిగి కనీసం రెండు వందల దుబ్బుల నుంచి ఒక్కో వెన్ను కోయాలి. బలిసిన పది వెన్నులే ఏరితే మిగతా వంశాలు అక్కడితో ఆఖరు. తర్వాత వచ్చే ఒక్క తెగులుకే మడంతా పోవచ్చు. నివ్వరిలా గింజ రాలే దుబ్బులను మాత్రం పీకేయాలి. తేమ 12 శాతానికి దిగేదాకా ఆరబెట్టి, సగం విత్తి సగం దాచాలి. వాన ఎగ్గొట్టిన ఏడు ఆ సగమే దిక్కు.

మడిలో వరి ఇలా తరతరానికీ మారడమే పరిణామం. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి ఆ పాఠం తీసేసింది. వరి మళ్ల మధ్య పెరిగే పిల్లలకు ఇది ఘోరమైన అన్యాయం. రాయగడ, జయపురం బడుల్లో రెండు సెంట్ల మడి చాలు. దేశవాళీ విత్తనం చల్లి, ముందు పూసిన దుబ్బుల గింజ ఒక సగంలో, ఆలస్యంగా పూసినవాటి గింజ మరో సగంలో ఏటా వేయించాలి. పూత తేదీలు పిల్లలే రాసుకోవాలి. నాలుగైదు పంటల్లో రెండు సగాల తేదీలు విడిపోవడం వాళ్ల నోటు పుస్తకాల్లోనే కనిపిస్తుంది.