బరువు ఒక్కటే కొలత కాదు

సినిమా కత్తుల నకళ్లను ఎలా బేరీజు వేయాలో చెప్పిన మీ వ్యాసం బాగుంది. కానీ ‘కత్తి ఎంత బరువుంటే సినిమాలోదానికి అంత దగ్గర’ అన్న మాట ఒప్పుకోలేను. సినిమాకు ఒకే కత్తిని రకరకాలుగా చేస్తారు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమాలకు కత్తులు చేసే పీటర్ లయన్ ఉక్కుతో చేసినవి దగ్గరి షాట్ల కోసం. ఫైట్లకు అల్యూమినియంవి, రబ్బరువి వాడారు. మన నకలును వేటితో పోలుస్తున్నామో ముందు తేల్చుకోవాలి కదా. అసలు మధ్యయుగాల నాటి రెండు చేతుల కత్తులే చాలావరకు ఒకటిన్నర కిలోకు అటూ ఇటూ.

కడపలో మా ఇంట్లో ఆ సినిమాల్లోని ఆరగార్న్ కత్తి ‘ఆండురిల్’ నకలు ఒకటి ఉంది, ఆన్‌లైన్‌లో కొన్నాను. ఫోటోలో బ్రహ్మాండం. చేతిలోకి వచ్చాక చూస్తే అలుగు మధ్య గాడి పిడి దగ్గర ఒక పక్కకు జరిగింది. అలుగు మీది అక్షరాలు చెక్కినవి కావు, నల్లరంగు అచ్చు. గోటితో గీకితే లేచొచ్చాయి. ఎంత బాధేసిందో! మా వీధి చివర కమ్మరి పెద్దాయన పిడి తట్టి చూసి, ‘లోపల సన్నకడ్డీనే నాయనా, గోడకు తగిలించుకో, ఝళిపించొద్దు’ అన్నాడు.

అప్పటినుంచి నేను గాడి తిన్నగా ఉందా, అక్షరాల లోతెంత, పిడి చివరి గుండు సైజు సరిపోయిందా అన్నవే ముందు చూస్తాను. సినిమా స్టిల్ పక్కన పెట్టుకుని, పిడి పొడవుతో అలుగు పొడవును కొలుస్తాను. తూకం ఆఖర్న.