ఊగింది జాన్ గారా, సింహాసనమా?

స్కాట్లండ్ జనం ఆరో ఎర్ల్ ఆఫ్ మార్, జాన్ అర్స్కిన్ గారికి ‘బాబింగ్ జాన్’ అని పేరు పెట్టారు. ఊగులాడే జాన్ అన్నమాట. మన భాషలో గోడ మీద పిల్లి. మూడు వందల ఏళ్లుగా మోస్తున్న ఈ నింద మీద ఎవరో ఒకరు నోరు విప్పాలి కదా!

పద్నాలుగేళ్లకే, 1689లో, ఆయనకు ఎర్ల్ బిరుదు దక్కింది. దాన్ని అంటిపెట్టుకుని పెద్దల నాటి అప్పులూ వచ్చాయి. అలోవాలో ఎస్టేటు ఉంది, బొగ్గు గనులున్నాయి. కానీ గనుల్లో ఊరే నీళ్లు తోడించాలన్నా డబ్బు కావాలి. అప్పుల్లో ఉన్న భూస్వామికి ప్రజాసేవ మీదికి మనసు మళ్లడం సహజం. 1705లో స్కాట్లండ్ సెక్రటరీ, అంటే మంత్రి, అయ్యారు. ఇంగ్లండ్‌తో విలీన ఒప్పందం కుదిర్చినవాళ్లలో ఆయనా ఒకరు. 1707లో స్కాట్లండ్ పార్లమెంటు మూతపడింది. లండన్ ప్రభువుల సభలో స్కాట్లండ్ వాటాకు వచ్చిన 16 సీట్లలో ఒకటి మార్ గారికి దక్కింది. సొంతింటిని అమ్మిపెట్టినందుకు కొన్నవాళ్ల వసారాలో కుర్చీ వేశారు, అంతే. దీన్ని లాభం అంటారా?

1713లో మాల్టు పన్ను, అంటే బీరు చేసే మొలకధాన్యం మీద లండన్ వేసిన పన్ను, గొడవ వచ్చింది. ‘ఈ విలీనం మాకొద్దు’ అని ప్రభువుల సభలో తీర్మానం పెట్టారు. మార్ గారు దానికీ మద్దతిచ్చారు. తాను కట్టింది తానే కూల్చాలనడానికి ఎంత నిజాయితీ ఉండాలి! సభలో ఉన్నవాళ్ల ఓట్లు చెరో 54 పడ్డాయి. రానివాళ్ల తరఫు ఓట్లు కలిపితే నాలుగు తేడాతో తీర్మానం వీగిపోయింది. అదే ఏడాది ఆయన మళ్లీ సెక్రటరీ అయ్యారు.

1714లో ఆన్ రాణి పోయింది. జర్మనీ నుంచి జార్జ్ రాజుగా వస్తున్నారని తెలియగానే మార్ గారు విధేయత ప్రకటిస్తూ చక్కటి ఉత్తరం రాశారు. కొత్త రాజు పదవి పీకేశాడు. ఇప్పుడైతే కండువా మార్చేముందు ప్రెస్ మీట్ పెట్టి ‘కార్యకర్తల అభీష్టం’ అనేయొచ్చు. పాపం, ఆయనకు ఆ సౌకర్యం లేదు. అయినా ఏడాది ఓపిక పట్టారు. 1715 ఆగస్టు 1న దర్బారుకు వెళితే రాజు వీపు చూపించాడట. మర్నాడే బొగ్గు గనుల ఆసామి మారువేషంలో బొగ్గు ఓడెక్కి ఉత్తరాన ఉన్న స్కాట్లండ్‌కు బయల్దేరారు.

పేరుకు వేట, పిలుపు మాత్రం తిరుగుబాటుకు. సెప్టెంబరు 6న బ్రేమార్‌లో సింహాసనం తనదేనంటున్న స్టువర్ట్ వంశపు జేమ్స్ పేరుతో జెండా ఎత్తారు. కర్ర చివరి బంగారు గుండు ఊడి పడిందని చెప్పుకుంటారు. గుండు కూడా నిలకడగా ఉండలేదు, నింద మాత్రం మార్ గారికే!

షెరిఫ్‌మ్యూర్ యుద్ధం చూడండి. నవంబరు 13. అవతల జార్జ్ తరఫున వచ్చిన ఆర్గైల్ డ్యూక్ సైన్యానికి రెట్టింపుకు పైగా జనం ఈయన దగ్గరున్నారు. ఈయన కుడి పక్షం ఆయన ఎడమ పక్షాన్ని తరిమింది. ఆయన కుడి పక్షం ఈయన ఎడమ పక్షాన్ని తరిమింది. సాయంత్రానికి గెలిచామని ఇద్దరూ అన్నారు. ఆఖరికి యుద్ధం కూడా గోడ దిగలేదు. మిగిలిన ఆ ఆర్గైల్ సైన్యం మీద పడకుండా మార్ గారు పెర్త్‌కు వెనుదిరిగారు. డిసెంబరులో జేమ్స్ స్వయంగా వచ్చాడు. ఫిబ్రవరి 4న రాజూ మంత్రీ మాంట్రోజ్‌లో ఓడెక్కి ఫ్రాన్స్ దారి పట్టారు. వెంట నడిచిన సైన్యానికి ఆ సంగతి చెప్పే తీరిక లేకపోయింది.

ఎస్టేటు జప్తయింది. ప్రవాసంలో జేమ్స్‌కు మంత్రిగా ఉంటూనే, 1721 నుంచి జార్జ్ ఇచ్చే పింఛను తీసుకున్నారు. ఒక రాజుకు సేవ, ఇంకో రాజుకు ఖర్చు. కొన్నాళ్లకు జేమ్స్ కూడా దూరం పెట్టేశాడు. ఇద్దరినీ సమానంగా చూసినవాడికి ఇద్దరి దగ్గరా టెన్షనే మిగిలింది.

ఆయనకు భవనాలూ తోటలూ గీయడం అంటే ప్రాణం. ఇక స్వదేశానికి తిరిగొచ్చే దారి లేకపోయినా, 1728లో ఎడిన్‌బరో బాగు కోసం ఒక ప్రతిపాదన రాశారు. నగరానికి ఉత్తరం వైపు ఒక పెద్ద వంతెన కట్టాలట. దక్షిణం వైపు ఇంకోటి.