ఉస్మాన్ సమాధికి దిక్కెవరు?

ఢిల్లీలో జామియా మిలియా ఇస్లామియా విశ్వవిద్యాలయ ఖబరస్తాన్‌లో ఉన్న, 1947-48 కశ్మీర్ యుద్ధంలో ప్రాణమిచ్చిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ సమాధి పగిలిపోయింది. 2020 డిసెంబరు చివర్లో ఫొటోలు బయటపడగానే నలువైపుల నుంచీ ఖండనలు వచ్చాయి. బాగుచేయడానికి సైన్యం ముందుకొచ్చింది. సంతోషం. ఎవరైనా పగలగొట్టారా, పట్టించుకునేవాళ్లు లేక పగిలిందా అన్నది విచారణలో తేలనివ్వండి. ఏది నిజమైనా అంతకంటే ముందు జవాబు రావాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇన్నేళ్లూ ఆ సమాధిని చూసుకోవాల్సిన బాధ్యత ఎవరిది?

ప్రహరీ, శుభ్రత తమవంతు అని, సమాధుల సంగతి కుటుంబాలదని విశ్వవిద్యాలయం వైపు నుంచి ఒక మాట. స్థలం విశ్వవిద్యాలయానిది కాబట్టి సంరక్షణా వాళ్లదేనని సైన్యం వైపు నుంచి మరో మాట. కుటుంబం చూసుకోవాలట! ఉస్మాన్ పెళ్లే చేసుకోలేదు. 35 ఏళ్ల వయసులో యుద్ధభూమిలో ప్రాణం విడిచిన మనిషి సమాధికి సున్నం వేయించడానికి వారసులు రావాలా?

ఆయన ఎవరో మన పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ వాటాలు వేసుకుంటున్న ఈ పెద్దలకు కొంత గుర్తుచేయాలి. బ్రిటన్‌లోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో శిక్షణ పొంది, బలూచ్ రెజిమెంట్‌లో పదాతిదళ అధికారిగా పనిచేశారు. దేశవిభజనలో ఆ రెజిమెంట్ పాకిస్థాన్‌కు పోయింది, ఆయన పోలేదు. ఇక్కడే ఉండి డోగ్రా రెజిమెంట్‌కు మారారు. 1947 డిసెంబరులో 50 పారా (పారాచూట్) బ్రిగేడ్ పగ్గాలు పట్టి జమ్మూ ప్రాంతంలో నిలిచేసరికి పరిస్థితి చేయిదాటుతోంది. మీర్‌పూర్, కోట్లీల నుంచి వచ్చే దారులు ఝంగర్ దగ్గర కలుస్తాయి. క్రిస్మస్ నాటికి ఆ కూడలి శత్రువు చేతిలోకి పోయింది. తర్వాత వాళ్ల గురి నౌషేరా.

నౌషేరా పల్లపు లోయ. చుట్టూ ఉన్న గుట్టలు ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్లది. ఉస్మాన్ ఊళ్లో కూర్చుని దాడి కోసం ఎదురుచూడలేదు. ముందు 1948 ఫిబ్రవరి 1న ఎత్తు మీదున్న కోట్ అనే ఊరిని పట్టుకున్నారు. ఫిబ్రవరి 6 తెల్లవారుజామున వేలమంది విరుచుకుపడ్డప్పుడు మన కాపలా గుట్టలు నిలబడటానికి ఆ ముందుచూపు పెద్ద కారణం. తైన్‌ధార్ గుట్ట మీద తొమ్మిది మందితో నిలిచి ప్రాణమిచ్చిన నాయక్ జదునాథ్ సింగ్‌కు పరమవీర చక్ర వచ్చింది ఆ రోజు పోరుకే. ఉస్మాన్ తలకు పాకిస్థాన్ 50,000 రూపాయల వెల కట్టింది. ఝంగర్ మళ్లీ చేతికొచ్చేదాకా మంచం ఎక్కనని ఒట్టు పెట్టుకుని నేల మీదే పడుకున్నారు, ఆ చలికాలమంతా. మార్చి 18న ఝంగర్ మనదైంది. జూలై 3 సాయంత్రం అక్కడే 25 పౌండర్ ఫిరంగి గుండుకు నేలకొరిగారు. ఆ యుద్ధంలో మనం కోల్పోయిన అధికారుల్లో ఆయనదే అందరికంటే పెద్ద హోదా. అంత్యక్రియలకు గవర్నర్ జనరల్ రాజాజీ, ప్రధాని నెహ్రూ స్వయంగా వచ్చారు. మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు.

అంతటి గౌరవంతో మట్టిచేసిన చోటును ఏ రిజిస్టర్‌లోనూ ఎవరి పేరునా రాయలేదు. అసలు జబ్బు ఇదీ.

ఇదే ఢిల్లీలో, కంటోన్మెంట్‌లోని యుద్ధ శ్మశానవాటికకు వెళ్లి చూడండి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం నిర్వహణలో ప్రతి రాయీ వరసలో ఉంటుంది, ప్రతి పేరూ చదవగలం. రెండో ప్రపంచయుద్ధానికి సంబంధించి ఆ సంఘం చూసుకునేది 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు చనిపోయినవాళ్లను. ఆ గడువులో కొలువులో ఉండి జ్వరంతో పోయిన సిపాయి సమాధికి కూడా శాశ్వత సంరక్షణ ఉంటుంది. ఉస్మాన్ చనిపోయింది ఆ గడువు దాటిన ఆరు నెలల మూడు రోజులకు. బ్రిటిష్ రాజు కొలువులో పోయినవారి సమాధికి దిక్కుంది, స్వతంత్ర భారతం కోసం పోయినవారి సమాధికి లేదు. ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది.

సమాధి సంరక్షణ కోట్లతో పనికాదు, క్రమం తప్పకుండా చేయాల్సిన పని. పాలరాతి పలకల అతుకుల్లో సన్నని పగులు వస్తే వాన నీరు లోపలికి దిగుతుంది. కింద మట్టి కుంగుతుంది, పలక ఒకవైపు ఒరుగుతుంది, ఆపైన చిన్న దెబ్బకే విరుగుతుంది. పగుళ్లలో మొలిచిన రావి మొక్కను వేలెడంత ఉన్నప్పుడే పీకకపోతే వేరు రాయిని చీలుస్తుంది. హడావిడి మరమ్మతు ఇంకా చెరుపు. గట్టి సిమెంటు మెత్తితే పలక కదలడానికి చోటులేక అంచులు పెచ్చులూడతాయి. యాసిడ్‌తో కడిగితే పాలరాయే కరిగి, చెక్కిన అక్షరాలు అరుగుతాయి. మంచినీళ్లు, మెత్తని బ్రష్, సున్నపు అతుకు, వాన నీరు పోయే వాలు, వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి తనిఖీ. ఇంతే. కావాల్సింది ఆ తనిఖీకి వెళ్లే మనిషి, అతన్ని పంపే కార్యాలయం, ఎందుకు వెళ్లలేదని అడిగే అధికారి.

సైనికుడి స్మృతి రాళ్లలో కాదు, రెజిమెంట్ గుండెల్లో ఉంటుందనే వాదన ఉంది. ఊరూరా ఉన్న ఖబరస్తాన్‌లనూ చర్చి ఆవరణలనూ సైన్యం ఎలా చూస్తుందనే ప్రశ్నా ఉంది. ఝంగర్‌లో ఉస్మాన్ స్మారకం దగ్గర ఏటా నివాళి జరుగుతున్న మాట, 2019లో జాతీయ యుద్ధ స్మారకం వెలిసిన మాట కూడా నిజమే. అయినా సమాధి దిక్కులేకుండా పడి ఉన్నందుకు ఇవేవీ జవాబు కావు. మతసామరస్యం మీద ఉపన్యాసానికి ఉస్మాన్ పేరు కావాలి, దేశభక్తి పోస్టర్‌కు ఉస్మాన్ ఫొటో కావాలి, సమాధి మాత్రం ఎవరికీ అక్కర్లేదా?

ఈ ఒక్క సమాధికి కొత్త పలక వేసి చేతులు దులుపుకుంటే మరో చెడ్డ ఆనవాయితీ మొదలవుతుంది. ఫొటో బయటపడితేనే మరమ్మతు, పేరున్నవాడికే మరమ్మతు అన్నది నియమమైపోతుంది. పేరు తెలియని హవల్దారు సమాధి ఫొటో ఎవరు తీస్తారు? రక్షణ శాఖ 1947 నుంచి యుద్ధాల్లో మరణించి ఖననమైన ప్రతి సైనికుడి సమాధి ఎక్కడుందో జాబితా తయారుచేయాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నవే, కొత్తగా పెట్టక్కర్లేదు. ఒక్కో సమాధిని ఒక్కో కార్యాలయానికి రాతపూర్వకంగా అప్పగించి, ఏటా తనిఖీ నివేదికను ప్రజల ముందు పెట్టాలి. ఆ ఉత్తర్వు రాకముందే వచ్చే జూలై 3న పూలదండలు పట్టుకుని జామియా ఖబరస్తాన్‌కు వచ్చే నేతలను అక్కడివాళ్లు గేటు దగ్గరే ఆపి, ఉత్తర్వు ఏదని అడగాలి.