గడువు దాటిన ఎర్ర డబ్బా గారికి

మహారాజశ్రీ రెడ్‌బాక్స్ గారి సముఖమునకు,

ఉత్తరం 'ఉభయకుశలోపరి' అని మొదలుపెట్టాలని మా నాన్న నేర్పారు. నీ కుశలం సంగతి ఊరందరికీ తెలుసు కాబట్టి ఆ మాట దాటేస్తున్నాను. ఇక్కడ డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో, మా అపార్ట్‌మెంట్ల మలుపులో ఉన్న మందుల షాపు గోడకు ఆనుకుని నువ్వు అలాగే నిలబడి ఉన్నావు. తెర నల్లబడింది. నీ ఎరుపు టెక్సస్ ఎండకు వెలిసిపోయి, ఉతికి ఉతికి పాతబడ్డ తువ్వాలు రంగులోకి దిగింది. ఎవరో తాగేసిన కాఫీ కప్పు నీ నెత్తిన పెట్టి పోయారు. మొన్న మా పెద్దవాడు నిన్ను చూసి "నాన్నా, ఇది పాడైపోయిన ఏటీఎమ్మా?" అన్నాడు. ఆ అవమానం నీకో నాకో నాకు అర్థం కాలేదు.

కాదురా, ఇందులోంచి అద్దెకు సినిమా డీవీడీలు వచ్చేవి అన్నాను. "ఎలా వచ్చేవి?" అన్నాడు. కార్డు గీకితే లోపల గరగరమని ఏదో తిరిగి, నాలుక చాపినట్టు ఒక ఎర్ర అట్ట బయటికొచ్చేదని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి ఫోన్‌లో ఎందుకు చూసేవాళ్లు కాదు?" అన్నాడు. నేను కారు స్టార్ట్ చేశాను.

నీకు గుర్తుండకపోవచ్చు, 2009లో మనకు పరిచయం. ఎమ్మెస్ చదవడానికి వచ్చి రెండు గదుల ఇంట్లో నలుగురం ఉండేవాళ్లం. రాత్రికి డాలరు అని నీ మీద రాసి ఉండేది. ట్యాక్స్‌తో డాలరు ఎనిమిది సెంట్లు, తలా ఇరవై ఏడు సెంట్లు. డాలరు 48 రూపాయలు పలికే రోజులవి. అంటే మనిషికి పదమూడు రూపాయలు. మా ఊళ్లో ఇంటర్వెల్‌లో సమోసా తిని సోడా తాగితే అయ్యేంత. మేం నలుగురం నీ ముందు నిలబడి ఈ లెక్క పైకే వేసుకునేవాళ్లం. వెనక ఎవరికీ తెలుగు రాదు కదా అని ధైర్యం. ఒకసారి వెనక నుంచి "బాబూ, గుణింతాలు అయ్యాక కాస్త జరుగుతారా" అని వినపడింది. అది తెలుగువాళ్లు నిండిన ఇర్వింగ్ అన్న సంగతి మర్చిపోయాం.

ఆ వెనక నిలబడేవాళ్లతోనే అసలు టెన్షన్. లోకంలో ఏ లైబ్రరీలోనైనా పుస్తకం ఏరుకుంటుంటే ఎవరూ మెడ మీద ఊపిరి వదలరు. నీ దగ్గర మాత్రం ఒక్కటే తెర, ఒక్కడే మారాజు, వెనక ఆరుగురు. మధ్యాహ్నం ఎండ తెర మీద పడి ఏ బొమ్మా కనపడేది కాదు. అరచేయి అడ్డం పెట్టుకుని, ముక్కు అద్దానికి ఆనించి వెతికేవాణ్ని. "అది వద్దురా, ఏడుపు సినిమా", "కింద చూడు, కింద", "అయ్యో వెనక్కి నొక్కు, వెనక్కి". నొక్కితే మళ్లీ మొదటికి పోయేదానివి. ఆఖరికి వెనకవాళ్ల నిట్టూర్పులు భరించలేక, ఎవరికీ ఇష్టం లేని సినిమా తీసుకుని ఇంటికి పోయేవాళ్లం. నీలో ఆరు వందలకు పైగా డిస్కులు పడతాయని తర్వాత చదివాను. అన్నిట్లో మాకు ఆ షార్కు సినిమాయే దొరికింది మరి. తెలుగు సినిమా ఒక్కటంటే ఒక్కటి నీలో నాకు కనపడలేదు. దానికి పప్పులు, పచ్చళ్లు అమ్మే దేశీ స్టోరే గతి. అక్కడ డిస్కు తెచ్చుకుంటే రెండ్రోజులు ఇంగువ వాసన వచ్చేది. నీ డిస్కుకు ఏ వాసనా ఉండేది కాదు. అక్కడే నిన్ను అనుమానించాల్సింది.

మరుసటి రోజు రాత్రి 9 గంటలలోపు తిరిగివ్వాలి. ఇది నీ ఏకైక ధర్మశాస్త్రం. 9 దాటి ఒక్క నిమిషమైతే ఇంకో రాత్రి అద్దె. ఇక్కడే నీ తెలివికి దండం పెట్టాలి. వీడియో షాపుల కంపెనీ బ్లాక్‌బస్టర్ వాళ్లు పాపం 'లేట్ ఫీజు' అని పేరు పెట్టుకుని దేశం నిండా తిట్లు తిన్నారు. నువ్వు ఆ మాట నోట రానివ్వలేదు. అరే, ఆలస్యమేంటి, నీకు ఇంకో రాత్రి కావాలనిపించింది, ఉంచుకున్నావు, డాలరే కదా అన్నావు. వడ్డీని వడ్డీ అనకుండా వసూలు చేయడం మా పల్నాడు షావుకార్లకు కూడా చేతకాలేదు. 2007 నాటికే అమెరికాలో బ్లాక్‌బస్టర్ షాపుల కంటే నీ డబ్బాలు ఎక్కువయ్యాయంటే, 2010లో ఆ కంపెనీ దివాలా కోర్టుకు వెళ్లిందంటే, ఊరికే కాదు.

మా నరసరావుపేటలో వీడియో లైబ్రరీ నడిపే బాబాయి ఉండేవాడు. క్యాసెట్ రీవైండ్ చేయకుండా ఇస్తే చెవి మెలేసేవాడు. రెండ్రోజులు ఆలస్యమైతే మాత్రం "పోన్లేరా, పరీక్షలా?" అని అట్ట పుస్తకంలో మా నాన్న పేరు కొట్టేసేవాడు. పండక్కి టీవీ, డెక్ కలిపి ఒక రాత్రికి అద్దెకిచ్చేవాడు. పొద్దున్నే రిక్షాలో పట్టుకుపోతాడు కాబట్టి తెల్లార్లూ మూడు సినిమాలు చూసేవాళ్లం. మూడోదానికి మా బామ్మ తప్ప అందరూ పడుకునేవాళ్లు. ఆవిడా పడుకునేదే, డబ్బులు పోతాయని కూర్చునేది. నేను నీతో వేగగలిగానంటే ఆ బామ్మ రక్తం వల్లే.

అయినా ఒకసారి ఓడిపోయాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. మిడ్‌టర్మ్‌ల వారంలో ఒక డిస్కు తెచ్చి కారు సీటు కిందకి తోశాను. నీ నిబంధన నువ్వు ముందే చెప్పావు: 25 రాత్రులు దాటితే ఇక తిరిగివ్వక్కర్లేదు, డిస్కు నీదే. ఎంత ఉదారంగా వినిపించిందో! ఇరవై ఆరో రోజు కార్డు బిల్లు చూస్తే ట్యాక్స్‌తో 27 డాలర్ల 6 సెంట్లు. రూపాయల్లోకి మారిస్తే 1,299. సరిగ్గా బాటా షోరూమ్ ధర. చెప్పులైనా మిగిలేవి. ఆ సినిమా ఈ రోజు వరకు చూడలేదు. చూస్తే బాగాలేదని తేలుతుందేమోనని భయం.

నీ జాతకం తిరగేస్తే నువ్వూ తక్కువ పాట్లు పడలేదు. 2002లో మెక్‌డొనాల్డ్స్ వాళ్ల ఇంట పుట్టావు. మొదట వాషింగ్టన్ ప్రాంతంలో పాలు, గుడ్లు అమ్మే డబ్బాగా పెట్టి చూశారు. పాల కోసం డబ్బా దగ్గరికి ఎవరూ రాలేదు. తర్వాత డీవీడీలు నింపి డెన్వర్‌లో నిలబెట్టారు, అక్కడ నీ దశ తిరిగింది. చిల్లర నాణేలు లెక్కపెట్టే కాయిన్‌స్టార్ కంపెనీ నిన్ను ముందు సగం, 2009కి పూర్తిగా కొనుక్కుంది. డాలరు డాలరుగా ఏరుకునేదాన్ని చిల్లర ఏరుకునేవాడు చేసుకోవడం, ఈడూ జోడూ బానే కుదిరింది.

నేను నిన్ను నిజంగా మెచ్చుకున్నది ఒక్క విషయంలోనే. యూనివర్సల్, ఫాక్స్, వార్నర్ లాంటి పెద్ద స్టూడియోలు రాత్రికి డాలరంటే మా సినిమా పరువేం కావాలి అని నీకు కొత్త డిస్కులు ఇవ్వబోమన్నాయి. నువ్వు కోర్టుకెక్కావు. తీర్పు వచ్చేదాకా ఆగావా? నీ మనుషుల్ని వాల్‌మార్ట్ లాంటి షాపులకు తోలావు. వాళ్లు మామూలు జనంలా క్యూలో నిలబడి, బండ్లకొద్దీ డిస్కులు కొనుక్కొచ్చి నీ కడుపులో పెట్టారు. మా ఊళ్లో పండగ సినిమాకి హాలు ముందు బ్లాక్ టికెట్లు కొన్నవాళ్లకే ఆ కష్టం అర్థమవుతుంది. చివరికి 2010లో రాజీ కుదిరింది: సినిమా డిస్కు అమ్మకానికి వచ్చిన 28 రోజుల తర్వాతే నీ దగ్గరికి రావాలి. మొదటి రోజు మొదటి ఆట చూడకపోతే జ్వరం వచ్చే జాతి మాది. 28 రోజులు ఆగి చూసే సినిమాకి మేము పెట్టే పేరు వేరు. అయినా నీ ముందు నిలబడ్డాం, ఎందుకంటే పదమూడు రూపాయలు.

2011లో గేమ్స్ కూడా అద్దెకిచ్చావు, రాత్రికి రెండు డాలర్లు. గేమ్ అనేది ఒక రాత్రిలో తేలే వ్యవహారం కాదని నీకు తెలుసు, మాకూ తెలుసు. మా రూమ్మేట్ ఒకడు శుక్రవారం తెచ్చి, ఆదివారం రాత్రి 8:40కి ఆఖరి రాక్షసుడి ముందు నిలబడి ఉండగా, "9 అవుతోందిరా" అని మేము తలుపు దగ్గర చెప్పులేసుకుని అరిచేవాళ్లం. వాడు కంట్రోలర్ పారేసి పరిగెత్తేవాడు. ఆ రాక్షసుడు ఇప్పటికీ బతికే ఉన్నాడు. 2019 చివరికి నువ్వు గేమ్స్ వ్యాపారమే మానేశావు.

ఇక ఆఖరి అంకం. హాంబర్గర్ ఇంట పుట్టినదానివి, 2022లో 'చికెన్ సూప్ ఫర్ ది సోల్ ఎంటర్‌టైన్‌మెంట్' అనే కంపెనీ చేతిలో పడ్డావు. ఈ పేరు నేను కల్పించలేదు. అప్పటికి జనం సోఫాలోంచి లేవకుండా చూడ్డం నేర్చారు. కోవిడ్‌లో థియేటర్లకు కొత్త సినిమాలే లేవు, నీకెక్కడివి? 2024 జూన్‌లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, జులైలో అంతా కట్టేయమని కోర్టు చెప్పింది. అప్పు దాదాపు 97 కోట్ల డాలర్లు. రాత్రికి డాలరు చొప్పున లెక్కేశాను, నా జబ్బు నాది. ఒక్క డిస్కును 26 లక్షల ఏళ్లకు పైగా తిరిగివ్వకపోతే తీరుతుంది. ఒక్క నిమిషానికి నా దగ్గర డాలరు తీసుకున్నదానివి ఇంత ఎలా వెనకబడ్డావు?

డిస్కులు మార్చేవాళ్లు, నిన్ను తుడిచేవాళ్లు, ఆఫీసువాళ్లు కలిపి వెయ్యి మంది దాకా ఒక్క దెబ్బతో రోడ్డున పడ్డారు. జీతాలు ఆగాయి, హెల్త్ ఇన్సూరెన్స్ పోయింది. వాళ్ల దగ్గర ఈ ఉత్తరంలోని జోకులేవీ చెప్పలేను. నీ తోటి ఎర్ర కవరు, నెట్‌ఫ్లిక్స్ పోస్టులో పంపే డీవీడీ, 2023 సెప్టెంబరులో పద్ధతిగా సెలవు తీసుకుంది. ముందే తేదీ చెప్పి, ఆఖరి డిస్కులు మీరే ఉంచుకోండి అని వెళ్లిపోయింది. నువ్వు చెప్పకుండా చచ్చిపోయి, శవాన్ని షాపువాళ్లకు వదిలేశావు.

దాదాపు 24 వేల శవాలు! ఒక్కొక్కటి నాలుగు వందల కిలోలు. కరెంటు మేము కట్టలేం, తీసి పారేయడానికి అనుమతివ్వండి అని షాపులవాళ్లు కోర్టుకు మొరపెట్టుకున్నారు. కొందరు ఔత్సాహికులు షాపువాళ్లను అడిగి నిన్ను ట్రక్కులో వేసుకుని ఇంటికి తీసుకుపోయారు. ఒకరు నీ కంప్యూటర్ విప్పి, అందులో పాతకాలపు తుపాకుల గేమ్ నడిపించారు. గేమ్స్ మానేసినదానివి చచ్చాక ఆడుతున్నావన్నమాట. ఇంకొకరు నీ హార్డ్ డిస్కు తవ్వితే పాత కస్టమర్ల ఈమెయిళ్లు, ఎవరు ఎప్పుడు ఏ సినిమా తీసుకున్నారో ఆ లెక్కలు బయటపడ్డాయి. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ షార్కు సినిమా మేము రెండుసార్లు తెచ్చామని మా ఆవిడకు తెలియదు.

ఇప్పుడు విషయానికొస్తాను. నీ లెక్క ప్రకారమే అడుగుతున్నాను. 25 రాత్రులు దాటితే వస్తువు ఎవరి దగ్గరుంటే వాళ్లదే కదా? అయితే నువ్వు ఆ మందుల షాపుదానివే. వాళ్లు నీకు గోడ పక్కన చోటిచ్చారు, తిరిగిద్దామంటే తీసుకునేవాడు లేడు. నా పరిస్థితీ అదే. 2024 జులైలో నీ దగ్గర తీసుకున్న డిస్కు ఒకటి, ఎప్పట్లాగే బద్ధకించి, నా కారు గ్లవ్ బాక్స్‌లో ఉంచేశాను. తీరిగ్గా వచ్చేసరికి నీ కళ్లు మూసుకుపోయాయి. ఇంట్లో డీవీడీ ప్లేయర్ లేదు. పిల్లాడి గేమ్ కన్సోల్‌కి డిస్కు పెట్టే చోటే లేదు. ఐదు ఓటీటీలకు నెల నెలా కడుతున్నాను, ఏది ఎంతో కార్డు కంపెనీకే తెలుసు. తొమ్మిదయిందని అందులో ఒక్కటీ నన్ను పరిగెత్తించదు.

ఇట్లు,
నీ పాత బాకీదారు

తా.క. ఈ ఉత్తరం మడిచి, డిస్కుతో పాటు నీ నోట్లో కుక్కుదామని నిన్న రాత్రి 8:50కి వచ్చాను. నువ్వు లేవు. కాంక్రీటు మీద నాలుగు బోల్టు రంధ్రాలు, వాటి మధ్య నలుచదరంగా మాయని తెల్లటి మచ్చ, పక్కన గొలుసు వేసిన గ్యాస్ సిలిండర్ల బోను. పార్కింగ్‌లో కారు ఆపుకుని కూర్చున్నాను. 8:58. 8:59. ఫోన్ ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉన్నాను. 9 దాటింది. కార్డు నుంచి మెసేజ్ ఏమీ రాలేదు.