హాల్‌టికెట్టు ఖరీదు ఒక్క డాలరు

అమెరికా అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరిని నిలబెట్టాలో తేల్చే ప్రైమరీ డిబేట్లను కొందరు వినోదం కింద జమకట్టి, పళ్లెంలో మిక్చరు పోసుకుని మరీ చూస్తారు. తప్పు. అది పరీక్ష. పరీక్షంటే ఏమిటో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా? న్యూజెర్సీ ఎడిసన్‌లోనో టెక్సస్ ఫ్రిస్కోలోనో సోఫా అంచున కూర్చుని, పెన్నూ కాగితం పట్టుకుని అభ్యర్థులకు మార్కులేసే బాధ్యత గల ఓటరు కోసం ఈ నాలుగు మాటలు. ఓటు లేని హెచ్‌1బీ వాళ్లూ, గ్రీన్‌కార్డు వాళ్లూ కూడా చదవచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో అర్ధరాత్రి దాకా వాదించేది ఎలాగూ వాళ్లే.

నమూనా ప్రశ్నపత్రంగా 2023 ఆగస్టు 23న మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ల మొదటి డిబేట్ తీసుకుందాం. పరీక్షకు కూర్చున్నవాళ్లు ఎనిమిది మంది: డిసాంటిస్, వివేక్ రామస్వామి, ట్రంప్ దగ్గర ఉపాధ్యక్షుడిగా చేసిన పెన్స్, హేలీ, క్రిస్టీ, స్కాట్, హచిన్సన్, బర్గమ్. టీవీలో చూసినవాళ్లు కోటీ 28 లక్షల మంది. సర్వేల్లో అందరికంటే ఎంతో ముందున్న డొనాల్డ్ ట్రంప్ రాలేదు. ఆయన సంగతి తర్వాత.

ముందు హాల్‌టికెట్టు. వేదిక ఎక్కాలంటే పార్టీ జాతీయ కమిటీ పెట్టిన షరతులు మూడు. సర్వేల్లో కనీసం ఒక శాతం చూపించాలి. చివరికి ఎవరు గెలిచినా వాళ్లకే మద్దతిస్తానని సంతకం పెట్టాలి. విరాళమిచ్చినవాళ్లు కనీసం 40,000 మంది ఉండాలి, వాళ్లలో 20 రాష్ట్రాల నుంచి రాష్ట్రానికి 200 మందైనా ఉండాలి. ఈ మూడో షరతును రెండుసార్లు చదవండి. ఎంత ఇచ్చారన్నది లెక్కలోకి రాదు, ఎంతమంది ఇచ్చారన్నదే లెక్క. ఒక్క డాలరిచ్చినవాడూ దాతే.

ఈ వాక్యంలోని లోతును అందరికంటే బాగా పట్టుకున్నది అప్పటి నార్త్ డకోటా గవర్నర్ డగ్ బర్గమ్. పూర్వం తన సాఫ్ట్‌వేర్ కంపెనీని మైక్రోసాఫ్ట్‌కు అమ్మిన మనిషి, లెక్కల్లో పొరపాటు పడతాడా? నాకు ఒక్క డాలరు విరాళమివ్వండి, మీకు 20 డాలర్ల గిఫ్ట్ కార్డు పంపిస్తాను అన్నాడు. 50,000 మందికి ఇస్తానన్నాడు. అంటే పెట్టెలోకి వచ్చేది 50 వేల డాలర్లు, పెట్టెలోంచి పోయేది పది లక్షలు. మన దగ్గర ఓటుకు నోటు అంటే ముక్కు మీద వేలేసుకుంటాం గానీ, ఇది నోటుకు నోటు. పైగా మన దగ్గర కవరు పుచ్చుకున్నవాడికి ఓటేయాలన్న మొహమాటం కాస్తయినా ఉంటుంది. ఇక్కడ ఆ బాధా లేదు. డాలరు పంపినవాడు ఎవరికైనా ఓటేసుకోవచ్చు, అసలు ఓటే వేయకపోవచ్చు. ఆయన అడిగింది ఓటు కాదు, హాజరు పట్టీలో పేరు.

రామస్వామి పద్ధతి వేరు. తన తరఫున విరాళాలు పోగుచేసిన వాళ్లకు పది శాతం కమీషన్ అన్నాడు. ఇది మనవాళ్లకు వెంటనే అర్థమయ్యే విధానం. ప్రతి తెలుగు కుటుంబంలోనూ పాలసీ కట్టమని పండగలకూ పబ్బాలకూ వెంటపడే బాబాయి ఒకాయన ఉంటాడు.

హాల్‌టికెట్టు దొరికాక సీటు నంబరు. సర్వేల్లో పైనున్నవాళ్లు మధ్యలో, కింద ఉన్నవాళ్లు అంచుల్లో నిలబడాలి. బడి గ్రూపు ఫొటోలో హెడ్మాస్టరు పక్కన కుర్చీ దొరికినవాడికీ, ఫ్రేములో సగం చెవి మాత్రమే పడినవాడికీ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. ఆ రాత్రి మధ్యలో డిసాంటిస్, రామస్వామి. చెరో చివరా హచిన్సన్, బర్గమ్. పాపం బర్గమ్ ముందురోజే బాస్కెట్‌బాల్ ఆడుతూ మడమ వెనక స్నాయువు తెంచుకుని ఆసుపత్రికి వెళ్లొచ్చాడు. అయినా వచ్చి నిలబడ్డాడు. తలకు 20 డాలర్లు పోసి కొనుక్కున్న చోటు మరి.

ఇక టైము. జవాబుకు ఒక నిమిషం, ఎదురు జవాబుకు అర నిమిషం. మన ఎంసెట్‌కు నిమిషం ఆలస్యమైతే గేటు మూసేసేవారు. ఇక్కడ నిమిషం దాటితే గంట కొడతారు. కొడతారంతే, ఆగడమన్నది లేదు. గంట మోగగానే గొంతు ఇంకో మెట్టు పెంచేవాడిని టీవీ పండితులు నాయకత్వ లక్షణాలున్నవాడంటారు. గంటకు విలువిచ్చేవాడు నీరసంగా ఉన్నాడంటారు. 2019 జూన్ 27న మయామీలో డెమోక్రాట్ల డిబేట్‌లో అదే జరిగింది. నల్లా తెల్లా కలిసి చదవాలని పిల్లల్ని వేరే పేట బడులకు బస్సుల్లో పంపే పాత గొడవ మీద కమలా హారిస్ నిలదీస్తే, జో బైడెన్ ఏదో చెబుతూ చెబుతూ నా టైమైపోయింది అని తనంతట తానే ఆగిపోయాడు. ఆ బస్సులో బడికెళ్లిన చిన్నపిల్లను నేనే అన్న హారిస్ మాట ఆ రాత్రికి రాత్రే చిన్ననాటి ఫొటోతో సహా టీషర్టు మీదకెక్కి, 30 డాలర్లకు అటూఇటూగా అమ్మకానికొచ్చింది. ఓటరు తన కాగితం మీద ఆమెకు పదికి తొమ్మిది, ఆయనకు మూడు వేశాడు. డిసెంబరు 3కల్లా ఆమె పోటీలోంచి తప్పుకుంది. టైమైపోయిందన్నాయన అధ్యక్షుడయ్యాడు, ఆమెనే ఉపాధ్యక్షురాలిగా తీసుకున్నాడు.

ఇంకో సూత్రం అనుభవం మీద గాని తెలియదు. ఎవరినైనా పేరుపెట్టి తిడితే, జవాబిచ్చుకోవడానికి వాళ్లకు అర నిమిషం దక్కుతుంది. కాబట్టి అంచున ఉన్నవాడిని ఎవరూ తిట్టరు. తిట్టడమంటే కోటి మంది ముందు వాడికి ఉచితంగా అర నిమిషం దానం చేయడమే. మిల్వాకీలో బర్గమ్‌కూ హచిన్సన్‌కూ జరిగిన అసలు అవమానం ఇదే, రెండు గంటల్లో వాళ్లను తిట్టిన పాపాన పోయినవాడు లేడు. రామస్వామి మీద మాత్రం వడగళ్లు కురిశాయి. అనుభవం లేనివాడని పెన్స్, చాట్‌జీపీటీలా మాట్లాడుతున్నాడని క్రిస్టీ, విదేశాంగం తెలియదు, అది కనిపిస్తూనే ఉందని హేలీ. ఒక్కో తిట్టూ అర నిమిషం చొప్పున రామస్వామి ఖాతాలో జమైంది.

ఆయనకు అంతకంటే పెద్ద ఆస్తి మనవాళ్ల ఆదరణ. పాలక్కాడ్ మూలాలున్న తమిళ కుటుంబం, పుట్టింది ఒహాయోలో. అయినా తెలుగు ఓటరు కాగితంలో మనవాడు అన్న గడిలో టిక్కు పడిపోయింది. అమృత్‌సర్ మూలాలున్న హేలీ కూడా మనమ్మాయే. పక్క మండలంవాడిని పరాయివాడిగా చూసే మన జాతికి, అట్లాంటిక్ దాటగానే కావేరి నుంచి సట్లెజ్ దాకా అంతా మనవాళ్లే. నా పేరు వివేక్‌ను కేక్‌తో ప్రాసలో పలకండి అని రామస్వామి అమెరికన్లకు నేర్పాడు. మనవాళ్లకు ఆ కష్టం లేదు, ముందే కేక అనేశారు.

ఇప్పుడు అసలు ప్రశ్న, చెయ్యెత్తడం. వాతావరణ మార్పుకు మనిషి చేతలే కారణమని నమ్మేవాళ్లు చేతులెత్తండి అని మోడరేటర్లు అడిగారు. డిసాంటిస్ అడ్డుపడ్డాడు. చూడండి, మేం బడిపిల్లలం కాదు, చర్చ జరగనివ్వండి అన్నాడు. ఎంత ఆత్మగౌరవం! ఓటరు పెన్ను తీసి పూర్తి మార్కులేశాడు.

కాసేపటికి ఇంకో ప్రశ్న. ట్రంప్‌కు కోర్టులో శిక్ష పడినా, ఆయనే పార్టీ అభ్యర్థి అయితే మద్దతిస్తారా? ఇస్తామనేవాళ్లు చేతులెత్తండి. ఇక్కడ వీడియో ఆపి, నెమ్మదిగా చూడాలి. రామస్వామి చెయ్యి ప్రశ్న ముగుస్తుండగానే నిటారుగా లేచింది, జవాబు తెలిసిన మొదటి బెంచీ కుర్రాడి చెయ్యి. బడిపిల్లవాడు కాని డిసాంటిస్ ముందు ఒక పక్కకు చూశాడు. తర్వాత రెండో పక్కకు చూశాడు. తర్వాత చెయ్యెత్తాడు. పెన్స్ కూడా ఎత్తాడు. 2021 జనవరి 6న పార్లమెంటు భవనం మీదకు దూసుకొచ్చిన గుంపు ఉరితీయండి అని అరిచింది ఎవరి పేరో, ఆ పెన్స్. క్రిస్టీ చెయ్యి సగం లేచింది, లేచి వేలై ఊగింది. నేను ఎత్తలేదు, వద్దని వేలూపాను అని వివరించుకున్నాడు. హచిన్సన్ ఎత్తనే లేదు. మొత్తం ఎనిమిదిలో ఆరు చేతులు. చెయ్యెత్తని ఇద్దరికీ కలిపి, అందరికంటే ముందు ఓటేయబోయే అయోవా రాష్ట్రంలో ఎన్ని ఓట్లొస్తాయో ఆ క్షణమే తేలిపోయింది.

కాపీ సంగతి కూడా చెప్పాలి. డిసాంటిస్‌కు మద్దతుగా డబ్బు ఖర్చుపెట్టే, సూపర్ పాక్ అనే విడి సంఘానికి, ఆయన ప్రచార బృందంతో చాటుమాటుగా మంతనాలాడే హక్కు చట్టప్రకారం లేదు. మరి సలహా ఎలా చేరవేయాలి? దానికి పనిచేసే సంస్థ డిబేట్‌కు ముందు వారం తన వెబ్‌సైట్‌లో ఒక పత్రం పెట్టేసింది. ఊరందరూ చూడొచ్చు, అందులో ఆయనా ఒకడు, కాబట్టి చట్టం చెక్కుచెదరలేదు. మన దగ్గర ప్రశ్నపత్రాలు లీకవుతాయి, అక్కడ జవాబుపత్రం లీకైంది. బైడెన్‌నూ మీడియానూ మూడు నుంచి ఐదుసార్లు తిట్టాలి, ట్రంప్‌ను క్రిస్టీ తిడితే వెనకేసుకురావాలి, రామస్వామిని సుత్తితో మోదాలి. సంగతి ముందే పత్రికలకెక్కింది. దాంతో డిసాంటిస్ ఏం చేసినా చూసి రాసినట్టే ఉండే పరిస్థితి. ఆ రాత్రి రామస్వామి మీద సుత్తి పడలేదు. ప్రేక్షకులకు మాత్రం ఎనిమిది మంది నుంచీ, తెలుగులో ఆ మాటకున్న రెండో అర్థంలో, పుష్కలంగా దక్కింది.

బట్టీ పట్టినవాళ్ల విషయంలో ఓటరు ఇంకాస్త దయగా ఉండాలి. 2016 ఫిబ్రవరి 6న న్యూహాంప్‌షైర్‌లో మార్కో రూబియో ఒబామా గురించిన ఒకే వాక్యాన్ని తిప్పితిప్పి వల్లించాడు. అదిగో, కంఠతా పట్టిన 25 సెకన్ల ఉపన్యాసం అని క్రిస్టీ అక్కడికక్కడే పట్టుకుంటే, దానికి జవాబుగా రూబియో మళ్లీ అదే వాక్యం చెప్పాడు. మూడు రోజుల తర్వాత ఓట్లు లెక్కపెడితే పట్టుబడ్డవాడు అయిదో స్థానంలో, పట్టించినవాడు ఆరో స్థానంలో ఉన్నారు. బట్టీ పట్టనివాడి గతి అంతకంటే ఘోరం. 2011 నవంబరు 9న టెక్సస్ గవర్నర్ రిక్ పెర్రీ, తాను వస్తే మూడు శాఖలు ఎత్తేస్తానని చెప్పి వాణిజ్యం, విద్య అన్నాక మూడోది ఎంతకీ గుర్తురాక చేతులెత్తేశాడు. గుర్తురానిది ఇంధన శాఖ. 2017లో ట్రంప్ ఆయన్ను మంత్రిని చేశాడు. సరిగ్గా ఆ శాఖకే.

రెండో డిబేట్ సిమీ వ్యాలీలో, సెప్టెంబరు 27న. దాతల సంఖ్య 50,000కు పెరిగింది, అభ్యర్థులు ఏడుగురికి తగ్గారు. అక్కడ లోతుగా చర్చకొచ్చిన అంశం కర్టెన్లు. ఐక్యరాజ్యసమితి రాయబారిగా ఉన్నప్పుడు హేలీ ఇంటికి 50 వేల డాలర్ల కర్టెన్లు వేయించారని స్కాట్, అవి ఒబామా హయాంలో కొన్నవని హేలీ, ఇద్దరూ ఒకేసారి. ఈ స్కాట్‌ను 2012లో సెనేట్‌కు నియమించింది, అప్పట్లో సౌత్ కరోలినా గవర్నర్‌గా ఉన్న హేలీయే. కర్టెన్ల విషయం చివరికి ఏమైందన్నది ఓటరు కాగితంలో నేటికీ ఖాళీ.

మూడోదానికి మయామీలో అయిదుగురు, హాల్‌టికెట్టుకు 70,000 మంది దాతలు. నాలుగోదానికి టస్కలూసాలో నలుగురు, 80,000. ఒక్కో మెట్టుకూ దాతలు పెరుగుతున్నారు, అభ్యర్థులు తరుగుతున్నారు. ట్రంప్ వీటిలో ఒక్కదానికీ రాలేదు. మద్దతు ప్రమాణం మీద సంతకమూ పెట్టలేదు. మిల్వాకీలో తొలి గంట మోగడానికి అయిదు నిమిషాల ముందు, టీవీ వ్యాఖ్యాత టకర్ కార్ల్‌సన్‌కు ఆయన ఇచ్చిన ఇంటర్వ్యూ ఎక్స్‌లోకి వచ్చేసింది. మర్నాడు ట్రంప్ జార్జియా ఎన్నికల కేసులో అట్లాంటా జైలులో లొంగిపోయి ఫొటో దిగాడు. ఆ ఫొటో కప్పుల మీదకూ టీషర్టుల మీదకూ ఎక్కింది. డిబేట్‌లో ఎవరేమన్నారో రెండో రోజుకు ఎవరికీ గుర్తులేదు.

గైర్హాజరులో ఉన్న బలం చివరికి హేలీకి తెలిసొచ్చింది. అయోవాలో ట్రంప్ 51 శాతం కొట్టాక, ఇకమీదట ఆయన వస్తేనే నేనూ వస్తానంది. దాంతో 2024 జనవరి 18న న్యూహాంప్‌షైర్‌లో జరగాల్సిన డిబేట్ రద్దయింది. వస్తానన్నవాడు డిసాంటిస్ ఒక్కడే మిగిలాడు. ఒక్కడితో డిబేట్ పెట్టే పద్ధతి ఇంకా కనిపెట్టలేదు. మూడు రోజులకు ఆయనా తప్పుకున్నాడు. మార్చి 12కల్లా ట్రంప్‌కు, పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధుల (డెలిగేట్ల) బలం కావలసినంత వచ్చేసింది.

న్యూజెర్సీలో ప్రైమరీ జూన్ 4న. ఎడిసన్ ఓటరు పెన్నూ కాగితం సిద్ధంగానే ఉంచుకున్నాడు. మిల్వాకీ రాత్రి స్కేలు పెట్టి గీసుకున్న పట్టికలో ఎనిమిది గళ్లున్నాయి, మొత్తాలు రెండుసార్లు సరిచూసుకున్నాడు. గెలిచినవాడి పేరు రాసుకోవడానికి మాత్రం మార్జిన్‌లో చోటు వెతుక్కోవాల్సి వచ్చింది.