బతుకమ్మ పాట ఎవరు ఎత్తుకోవాలి?

బతుకమ్మ చుట్టూ తిరిగేవాళ్లు పెరిగారు, పాడేవాళ్లు తగ్గారు. తెలంగాణ పట్టణాల్లో చాలా కాలనీల్లో ఇప్పుడు ఇదే తీరు. పొద్దుగూకే వేళకు సౌండు బాక్సులు మోగుతాయి. పట్టుచీరల్లో ఆడవాళ్లు చక్కగా అడుగులు కలుపుతారు. నోళ్లు మాత్రం కదలవు.

దీన్ని మనం చప్పుడు గొడవగా చూస్తున్నాం. 2024 అక్టోబరు మొదట్లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు కూడా చర్చంతా చెవులు, గుండెలు, నిద్ర గురించే సాగింది. అవన్నీ నిజమైన బాధలే. కానీ సౌండు సగానికి తగ్గించినా బతుకమ్మకు జరుగుతున్న నష్టం తగ్గదు. అక్కడ పోతున్నది పాట ఎత్తుకునే మనిషి.

ఆట ఎలా నడుస్తుందో చూడండి. ఒకామె చరణం ఎత్తుకుంటుంది, చివర ‘ఉయ్యాలో’ అంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు అదే చరణాన్ని అదే వరసలో తిరిగి అంటారు. పాట ముందే వచ్చి ఉండాల్సిన పని లేదు. నిన్న కాపురానికి వచ్చిన కోడలైనా, ఏడేళ్ల పిల్లయినా విన్నది విన్నట్టు అంటే చాలు, పాటలో ఉన్నట్టే. వాళ్లంతా చరణం తిప్పి అంటున్న ఆ కాసేపట్లో ఎత్తుకున్నామెకు తర్వాతి మాట గుర్తుకొస్తుంది. రాకపోతే పక్కనున్న వదిన అందిస్తుంది. ఆమెకూ రాకపోతే వరస చెడకుండా అప్పటికప్పుడు ఓ మాట కట్టేస్తారు. గొంతు అలిసిందంటే ఇంకొకామె అందుకుంటుంది. ఆట వేగం కూడా ఎత్తుకునే మనిషి ఊపిరిని బట్టే ఉంటుంది. పెద్దావిడ ఎత్తుకుంటే అందరూ నిదానంగా వంగి చప్పట్లు కొడతారు, పడుచుపిల్ల ఎత్తుకుంటే చప్పట్లు జోరందుకుంటాయి. మోకాళ్ల నొప్పులున్నామెను విడిచిపెట్టి ముందుకు పోయే ఆట కాదది.

గంటసేపు సాగే కథాగేయాలు చదువురాని ఆడవాళ్ల నోట తరాల పాటు నిలిచింది ఈ ఏర్పాటు వల్లనే. ధర్మాంగదుడనే రాజు, సత్యవతి అనే రాణి నూరుగురు కొడుకులను పోగొట్టుకోవడం, వాళ్ల కడుపున లక్ష్మీదేవి పుట్టడం, ఆ బిడ్డకు బతుకమ్మ అని పేరు పెట్టడం, ఇదంతా చాలామంది పుస్తకంలో చదువుకున్నది కాదు. ఏటా పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి చివరి రోజు సద్దుల బతుకమ్మ దాకా చప్పట్ల మధ్య విని, తిరిగి అని, వంటబట్టించుకున్నది. సాయుధ పోరాట కాలంలోనూ, మలిదశ తెలంగాణ ఉద్యమంలోనూ ఇదే వరసలో కొత్త చరణాలు పుట్టాయి. పుట్టింటి ముచ్చటా, అత్తింటి కష్టమూ, ఊరి అన్యాయమూ ఆ తొమ్మిది రోజుల్లో పాటలోకి ఎక్కాయి. రికార్డు పాటలోకి ఏ చరణం ఎక్కిస్తాం? అందులోనూ వంత వినిపిస్తుంది, కాకపోతే అది స్టూడియోలో పాడినవాళ్లది. ఎత్తుకునే పనీ, అందుకునే పనీ రెండూ పెట్టెకే అప్పజెప్పాక ఆడేవాళ్లకు మిగిలేది అడుగులే.

ఆ అడుగుల్లోనూ తేడా వచ్చింది. రికార్డు పాటకు ముందే నేర్చుకున్న స్టెప్పులు కావాలి. కోలలు పట్టుకుని వారం రోజులు ప్రాక్టీసు చేసిన జట్టు మధ్యలో ఊరి నుంచి వచ్చిన అత్తమ్మ ఎక్కడ దూరుతుంది? ఆమెకు కుర్చీ వేస్తారు. మర్యాదగానే వేస్తారు. ఆ కాలనీ మొత్తంలో పాట మొదలు నుంచి చివరిదాకా వచ్చిన మనిషి ఆమె ఒక్కతే అయి ఉండొచ్చు. ఆమె మనవరాలి డ్యాన్సును ఫోన్లో వీడియో తీస్తూ కూర్చుంటుంది. నాకు అన్నిటికన్నా కష్టంగా తోచేది ఈ దృశ్యమే.

2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగ చేయడం మంచిపని, నాకందులో అనుమానం లేదు. అణిగిమణిగి ఉండాల్సి వచ్చిన పండుగకు గౌరవం దక్కింది. అయితే ఆ గౌరవంతో పాటే పెద్ద మైదానం, పెద్ద స్టేజీ, పెద్ద అంకెల మీద మోజూ వచ్చింది. 2016లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 9,292 మంది ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డుకెక్కారు. అంతమందికి ఒక గొంతు వినపడాలంటే మైకు తప్పదు, అందరూ ఒక్క తీరుగా తిరగాలంటే ముందే చేసిన పాట తప్పదు. మైకు లేని గొంతుకు హద్దు ఉంది, పాతిక ముప్ఫై మంది దాటితే చరణం అవతలి వైపుకు అందదు. అందుకే పాత ఊళ్లలో చెరువుకట్ట మీద ఒకే పెద్ద ఆట ఉండేది కాదు, వాడకో ఆట సాగేది. ఒక్కో ఆటకు ఒక్కో పాటగత్తె ఉండేది. ఊళ్లో పది గుంపులు ఆడితే పదిమంది పాట ఎత్తుకునే ఆడవాళ్లు తయారయ్యేవాళ్లు.

‘పాటలే రానప్పుడు డీజే పెట్టక ఏం చేయాలి?’ అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. అపార్ట్‌మెంట్లో పది ఊళ్లవాళ్లు కలిసి ఉంటారు, ఒక్కో ఊరి పాటది ఒక్కో వరస. లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఆడేవాళ్లకు రికార్డు పాటే ఆసరా. ఏటా వచ్చే కొత్త వీడియో పాటలు పిల్లల్ని పండుగ వైపు లాగిన మాటా కాదనలేం. కాబట్టి రికార్డులు మానేయాలని నేననడం లేదు. మొదటి గంట మాత్రం పాడేవాళ్లకు విడిచిపెట్టాలి. సౌండు పెట్టాల్సి వస్తే పాట ఎత్తుకునే ఆమె చేతికే మైకు ఇవ్వాలి.

పాత ఆటను ఆకాశానికి ఎత్తే ముందు ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. వాడకో ఆట అన్నప్పుడు అందులో కులం గీత ఉంది. చాలా ఊళ్లలో దళిత ఆడబిడ్డల బతుకమ్మలు వేరుగా పెట్టారు, వేరుగా ఆడారు. భర్త పోయిన స్త్రీలను దూరం నిలబెట్టిన ఇళ్లున్నాయి. కాలనీ మైదానంలో ఆ గీత కొంత చెరిగింది. అది నిలవాల్సిన మార్పు. చిన్న గుంపులు మళ్లీ రావాలి, కాకపోతే ఈసారి ఎవరు ఏ గుంపులోనైనా చేయి కలపగలగాలి. పాడిన చరణాన్ని తిరిగి అనడానికి కులం అడ్డు రావలసిన అవసరమే లేదు.

ఖర్చు పెట్టే పద్ధతి మారితే సగం పని అవుతుంది. ఇప్పుడు పోటీల్లో బహుమతులు ఎత్తైన బతుకమ్మకూ, అందంగా పేర్చినదానికీ పోతున్నాయి. ఎవరి పాటను ఎక్కువమంది అందుకున్నారో చూసి వాళ్లకూ ఒకటి ఇవ్వొచ్చు. 1950లలోనే ఆచార్య బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేశారు. కానీ అచ్చులో మాట నిలుస్తుంది తప్ప వరస నిలవదు. ఇప్పుడు ప్రతి ఊళ్లో మహిళా సంఘాలున్నాయి, ప్రతి చేతిలో ఫోనుంది. ఊరి పేరుతో, పాడినామె పేరుతో, మధ్యలో కోయకుండా పాట మొత్తం రికార్డు చేసి ఒకచోట చేర్చే బాధ్యత భాషా సాంస్కృతిక శాఖ తీసుకోవాలి.

ఇక బడులు. దసరా సెలవులిచ్చే ముందు చాలా బడుల్లో పిల్లలతో బతుకమ్మ ఆడిస్తారు. ఆ రోజు స్పీకరు పక్కన పెట్టి, ఊళ్లో పాట వచ్చిన ఇద్దరు ముగ్గురు పెద్దమ్మలను పిలవాలి, తరగతికో ఆట పెట్టాలి. పిల్లలు ఇంట్లో నాయనమ్మనో అమ్మమ్మనో అడిగి పది చరణాలు నేర్చుకుని రావాలి. చూసి చదవడం కాకుండా ఎత్తుకోవాలి, మధ్యలో మరిచిపోతే పక్కపిల్ల అందించాలి.